నల్లతీగకు నానార్థాలు

ఈ టపా సాహిత్యాన్ని గురించి కాదు, బ్యాటరీని గురించి. ఏ అవధాన విశేషాలో, సమాసాల ముచ్చట్లో ఉంటాయని ఇటు తొంగిచూసిన బ్లాగ్మిత్రులు మన్నించాలి. అయితే ముప్ఫై మూడేళ్లపాటు పిల్లల చేత పదవిభాగాలూ ప్రతిపదార్థాలూ వ్రాయించిన అలవాటు ఉద్యోగ విరమణతో పోయేది కాదు. అమెరికాలో ఒక చక్రాల ఇంటి బ్యాటరీకి చార్జింగు ఎందుకు ఎక్కడం లేదో వెతకబోయి, చివరికి ఒక మాటకు అర్థం వెతకడం దగ్గర తేలాము. ఓపిక ఉన్నవారు చదవండి.

ట్రావెల్ ట్రెయిలరు మన రోడ్ల మీద అరుదు. దానికి సొంత ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు వెనుక కొక్కేనికి తగిలించి లాక్కుపోవాలి. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, చలివేళకు గ్యాసుతో మండి వేడిగాలి పంపే ఫర్నేసు, అన్నీ అగ్గిపెట్టెలో చీర మడిచినట్లు అమర్చి ఉంటాయి. ఫీనిక్స్ నగరంలో ఉండే మా అమ్మాయి, అల్లుడు 22 అడుగుల పాత ట్రెయిలరు ఒకటి కొనుక్కున్నారు. 2023లో మేమిద్దరమూ ఆరునెలలు వారి దగ్గర ఉన్నాము. అక్టోబరులో అందరమూ గ్రాండ్ కేన్యన్ చూడటానికి ఆ ఇంటితో సహా బయలుదేరాము.

ఆ ఇంట్లో రెండు విద్యుత్తులు కాపురం చేస్తుంటాయి. మన పాఠ్యపుస్తకాల భాషలో ఒకటి ఏకాంతర విద్యుత్తు, రెండోది ఏకముఖ విద్యుత్తు. మొదటిది ఊళ్లో దొరికే 120 వోల్టుల కరెంటు. గోడకు తగిలించినప్పుడే ఉంటుంది. ఏసీ, మైక్రోవేవ్ దాని మీద నడుస్తాయి. రెండోది 12 వోల్టులది. దీపాలు, నీళ్ల మోటారు, ఫర్నేసు ఫ్యాను, గ్యాసు లీకైతే కూతపెట్టే పెట్టె, ఫ్రిజ్‌ను నియంత్రించే పలక, ఇవన్నీ దాని మీద బ్రతుకుతాయి. ఈ రెండింటికీ నడుమ కన్వర్టరు అని ఒక దుబాసీ ఉన్నాడు. 120 వోల్టుల ఏకాంతర భాషను 12 వోల్టుల ఏకముఖ భాషలోకి మార్చి, దీపాలకు ఇంత, బ్యాటరీకి ఇంత పంచడం అతని ఉద్యోగం. ఊరు దాటి అడవిలో దిగాక దుబాసీకి పని లేదు. అప్పుడు బ్యాటరీయే గతి.

ఆ బ్యాటరీ మనకు కొత్తది కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సీసపు బ్యాటరీయే అది. సీసపు పలకలు, గంధకామ్లం, ఒక్కొక్కటి రెండు వోల్టుల చొప్పున ఆరు గదులు. నాకు దానితో పాత పరిచయం ఉన్నది. 1987లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వచ్చే వేళకు కరెంటు ఉంటుందో ఉండదో తెలియక, మా వీధివారు ట్రాక్టరు బ్యాటరీని సైకిలు వెనుక కట్టుకొని శనివారం నాడే తెనాలిలో చార్జింగుకు ఇచ్చి వచ్చేవారు. ఆ కొట్టతను గాజుగొట్టం ఒకటి ముంచి, లోపలి తేలుడుబిళ్ల ఎంత పైకి తేలిందో చూసి "ఇంకా ఎక్కాలమ్మా" అనేవాడు. ఆ గొట్టం హైడ్రోమీటరు. నిండిన బ్యాటరీలో ఆమ్లం సాంద్రత నీటికి 1.265 రెట్లుంటుంది, దిగిపోయినకొద్దీ పలచబడుతుంది. వోల్టుమీటరుతోనూ తెలుసుకోవచ్చు. ఏ పనీ చేయకుండా, చార్జింగూ లేకుండా కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీలో 12.6 ఉంటే నిండుకుండ. 12.1 దగ్గర సగం. 11.8 అంటే అడుగంటినట్లే. ఇంత పెద్ద తేడా ఒక్క వోల్టు లోపల దాగి ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇక అసలు సంగతి. మావారికి స్లీప్ ఏప్నియా ఉన్నది. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, శరీరం ఉలిక్కిపడి మళ్లీ పీల్చుకుంటుంది. రాత్రంతా ఇదే తంతు. అందుకని సీప్యాప్ అనే చిన్న యంత్రం పెట్టుకొని పడుకుంటారు. అది ముక్కు తొడుగు గుండా కొంత ఒత్తిడితో గాలిని పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. నీటిని వెచ్చచేసే భాగాన్ని ఆపి వాడితే గంటకు ఒకటి రెండు ఆంపియర్లకు మించి తినదు. ట్రెయిలరులో 12 వోల్టుల సాకెట్టుకు తగిలించే తీగ కూడా మా అల్లుడు కొని ఉంచాడు. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచున మేము దిగిన మాథర్ క్యాంపుగ్రౌండులో ట్రెయిలర్లకు కరెంటు తగిలించే ఏర్పాటు లేదు. బ్యాటరీ ఉన్నది కదా అనుకున్నాము. అది కొని పది రోజులు కూడా కాలేదు. తలుపు పక్కనున్న సూచికలో నాలుగు దీపాలూ వెలిగి, నిండుగా ఉన్నానన్నది.

దక్షిణపు అంచు ఏడువేల అడుగుల ఎత్తున ఉంటుంది. అక్టోబరు రాత్రి చలి గడ్డకట్టే దాకా దిగుతుంది. రెండున్నరకు నాకు మెలకువ వచ్చింది. చప్పుడుకు కాదు, చప్పుడు లేకపోవడానికి. ఫర్నేసు ఫ్యాను లేదు, సీప్యాప్ బుసలేదు. చీకట్లో మావారి ఊపిరి వినబడింది, తరువాత వినబడలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పధ్నాలుగు దగ్గర ఆయన గుక్కతిప్పుకొని లేచి కూర్చున్నారు. మళ్లీ పడుకోనివ్వలేదు. అల్లుణ్ణి లేపితే, అతను క్షణం ఆలోచించి ట్రక్కు ముందుసీటును వెనక్కి వాల్చి, యంత్రాన్ని ట్రక్కు సాకెట్టుకు తగిలించాడు. రెండు రగ్గులు, మంకీక్యాపు, దాని మీద ముక్కు తొడుగు. ఆ వేషంతో మావారు తెల్లవారేదాకా ట్రక్కులో పడుకున్నారు. నేను పక్క సీటులో కూర్చొని అంకెలు లెక్కపెట్టవలసిన అవసరం రాకుండా చూసుకున్నాను.

తెల్లవారగానే మా అల్లుడు, "అత్తయ్యగారూ, బ్యాటరీ అమ్మినవాడు నకిలీ సరుకు అంటగట్టాడు. ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లి ఇంకొకటి తెస్తాను" అన్నాడు. గంటన్నర దారి. అతని స్నేహితుడొకాయన ఫోనులో, సీసపువి దండగ, లిథియం బ్యాటరీ పెట్టించుకొమ్మని సలహా చెప్పాడు. ఈ లోపల మా అమ్మాయి దగ్గరలోనే ఉన్న ట్రెయిలర్ విలేజ్‌లో ఖాళీ కనుక్కొని బుక్ చేసింది. అక్కడ ప్రతి ట్రెయిలరుకూ కరెంటు స్తంభం ఉంటుంది. పదింటికల్లా అక్కడికి మారాము. తగిలించగానే మైక్రోవేవ్ కూసింది. దీపాలు వెలిగాయి. సీప్యాప్‌కు 120 వోల్టుల సాకెట్టు దొరికింది. ఆ రాత్రికి భయం లేదు.

అప్పుడు నేను అల్లుణ్ణి అడిగినది ఒక్కటే. "బాబూ, ఆ వోల్టుమీటరు తెచ్చి బ్యాటరీ మీద పెట్టి అంకె చదువు."

11.7. 

గంట ఆగి మళ్లీ చదివాము. 11.6.

ఇక్కడ చదువరులు కొంచెం నిదానించాలి. కన్వర్టరు పనిచేస్తూ, దాని కరెంటు బ్యాటరీ దాకా చేరుతూ ఉంటే, ఆ అంకె గోడకు తగిలించిన కొద్దిసేపటికే 13 దాటాలి. కన్వర్టరు మామూలుగా 13.6 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. బాగా దిగిన బ్యాటరీ కనబడితే 14.4 దాకా పెంచేవీ ఉన్నాయి. ఎక్కవలసినది గంటలో ఇంకా దిగిందంటే, కరెంటు స్తంభానికి తగిలించి ఉన్నా ఆ దీపాలు వెలుగుతున్నది బ్యాటరీ మీదనే. పూర్వపు బల్బులైతే ఎర్రబారి చెప్పేవి. ఈ ఎల్‌ఈడీ దీపాలు చివరి చుక్క దాకా తెల్లగా నవ్వుతూనే ఉంటాయి. ఇంటి దగ్గర పది రోజులుగా గోడకు తగిలించి ఉంచి, దీపం వెలిగింది కనుక చార్జింగు ఎక్కుతున్నదని అందరూ నమ్మడానికి కారణమిదే. అటువంటప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ నుండి ఎంత మేలైన బ్యాటరీ తెచ్చినా, లిథియమే తెచ్చినా, రెండో వారానికి అదీ పడకేసేది.

నేను కృష్ణా పశ్చిమ డెల్టా శివారు ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మా చేనికి నీరందకపోతే మా నాన్నగారు చేను తవ్వేవారు కాదు. కాలువగట్టు పట్టుకొని ఎగువకు నడిచేవారు. ఈ తూము దగ్గర ఉన్నదా? ఉన్నది. పై తూము దగ్గర? అక్కడా ఉన్నది. ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో, ఆ రెంటి నడుమనే గండి గాని, అడ్డు గాని. ఎండిన చేనుది దోషం కాదు. లస్కరును తిట్టినా లాభం లేదు. అన్వయం కుదరని పద్యాన్నీ ఇట్లాగే చదవమని పిల్లలకు చెప్పేదాన్ని. క్రియ దగ్గర నుండి వెనక్కి నడవండి, ఏ పదం దగ్గర తెగిందో అక్కడే ఆగండి అని. కనుక మేమూ బ్యాటరీ నుండి ఎగువకు నడిచాము.

ట్రెయిలరుతో వచ్చిన పుస్తకంలో తీగల పటం ఒకటున్నది. నేను కళ్లజోడు పెట్టుకొని దానిని చదవడం, అల్లుడు పడుకొని చూడటం, పన్నెండేళ్ల మనవరాలు టార్చి పట్టుకొని మీటరు అంకెలు నోటుబుక్కులో వ్రాయడం, ఇదీ మా శ్రమవిభజన. మావారు కుర్చీలో కూర్చొని ఎదుటి చెట్టు మీది ఉడుతను చూస్తూ ఉన్నారు. రాత్రి ఆయన చేసిన శ్రమ చాలు.

మొదటి మజిలీ బ్యాటరీ కొసలు. తుప్పు లేదు, వదులు లేదు. రెండోది ట్రెయిలరు ముక్కు దగ్గర చట్రానికి బిగించిన చిన్న సర్క్యూట్ బ్రేకరు. వానకూ దుమ్ముకూ తుప్పుపట్టి చాలామందిని ఏడిపించేది ఇదేనట. దాని రెండు మేకుల మీదా 11.6 ఉన్నది, అంటే దారి తెరిచే ఉన్నది. తెల్లతీగ చట్రానికి బిగించిన చోట మరను విప్పి, గీకి, మళ్లీ బిగించాడు. మార్పు లేదు. కొన్ని ట్రెయిలర్లలో బ్యాటరీని వేరుచేసే మీట ఉంటుంది. నిలవ ఉంచే వైపు తిప్పి మరిచిపోతే చార్జింగు ఎక్కని సందర్భాలుంటాయి. దీనిలో ఆ మీట లేదు. లోపల ఫ్యూజుల పలకలో పదీ బాగున్నాయి. ఈ పలక దగ్గరే చాలామంది ఆగిపోతారనుకుంటాను. ఫ్యూజులన్నీ చూశాం, బాగున్నాయి, ఇక కన్వర్టరు చచ్చిందని దానినీ కొత్తది కొంటారు.

పటంలో మాత్రం కన్వర్టరు పెట్టెకూ ఈ పలకకూ నడుమ, పెట్టె ఒంటిమీదనే, ఇంకో రెండు ఫ్యూజుల గుర్తులున్నాయి. పక్కన అతిచిన్న అక్షరాల్లో వ్రాసిన మాటకు తెలుగు చెప్పుకుంటే "విలోమ ధ్రువ రక్షణ". బ్యాటరీని తలక్రిందులుగా తగిలిస్తే తాము కాలిపోయి కన్వర్టరును కాపాడే ఫ్యూజులన్నమాట. మంచం కింది అరలో, వెనుక గోడకు ఆనుకొని ఉన్నది పెట్టె. అల్లుడు సామానంతా బయటపడేసి లోపలికి దూరాడు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనబడతాయి. మీటరు ముల్లు ఒక చుక్క మీద ఆనించాడు.

"పదమూడు పాయింట్ ఆరు," అని చదివింది మనవరాలు. రెండో చుక్క. "పదకొండు పాయింట్ ఆరు."

ఎగువన నీరున్నది. దిగువన లేదు. దుబాసీ నోరారా మాట్లాడుతూనే ఉన్నాడు. గది తలుపు బయట గడియపెట్టి ఉన్నది. రెండు ఫ్యూజులూ కాలి ఉన్నాయి.

మా పెట్టెకు కావలసినవి 30 ఆంపియర్లవి రెండు. పక్క ట్రెయిలరులో ఉన్న వృద్ధుడొకాయన మా హడావిడి ప్రొద్దుటి నుండి చూస్తూనే ఉన్నాడు. విషయం చెప్పగానే లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. దాని నిండా ఫ్యూజులే. మా ఇళ్లల్లో అటువంటి డబ్బాల నిండా గుండీలూ పిన్నీసులూ ఉంటాయి. 40 ఆంపియర్లవి కూడా ఉన్నాయి, ఇంకా గట్టివి కదా అని అల్లుడు అడిగితే, ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడట. ఫ్యూజు గట్టిదైతే కాలేది తీగ. స్తంభం నుండి ప్లగ్గు తీసి, బ్యాటరీ కొస విప్పి, కొత్తవి గుచ్చి, మళ్లీ అన్నీ కలిపారు. పెట్టెలో ఫ్యాను గుర్రుమని మొదలైంది. ముప్ఫైయెనిమిదేళ్ల కాపురంలో గుర్రు విని నేను సంతోషించడం అదే ప్రథమం. బ్యాటరీ దగ్గర అంకె 12 దాటింది, 13 దాటింది, మెల్లగా ఎక్కుతూ పోయింది.

సరే, ఫ్యూజులెందుకు కాలాయి? వాటి పేరులోనే జవాబున్నది. ఎవరో బ్యాటరీని తలక్రిందులుగా తగిలించారు. "నాన్నా, ఆ రోజు బ్యాటరీ పెట్టేటప్పుడు చిటుక్కుమని మెరిసింది కదా" అన్నది మనవరాలు. అప్పుడు అల్లుడికి జ్ఞాపకం వచ్చింది. ఆ ఏడు వేసవిలో ఫీనిక్స్‌లో జూన్ నెలాఖరు నుండి వరుసగా 31 రోజులు పగటివేడి 110 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గలేదు. మన లెక్కలో 43 పైమాటే. సీసపు బ్యాటరీకి వేడి బద్ధశత్రువు. పాతది అందుకే పోయింది. సెప్టెంబరు నెలాఖరున కొత్తది తెచ్చి బిగించిన దుకాణపు కుర్రవాడు ట్రెయిలరు ముక్కు దగ్గర వేలాడుతున్న రెండు తీగలను చూశాడు. ఒకటి నల్లనిది, ఒకటి తెల్లనిది. నల్లతీగను ఋణధ్రువానికి తగిలించాడు. రెండోది ఆనించగానే మెరుపు. నాలుక కరుచుకొని, మార్చి తగిలించి, ఏమీ కాలేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఒక్క క్షణంలోనే రెండు ఫ్యూజులూ తమ ధర్మం నిర్వర్తించి కాలిపోయాయి. 

ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టలేను. వాడు చదివిన నిఘంటువు కార్లది. కార్లలో ఎరుపు ధనం, నలుపు ఋణం. అదే అమెరికాలో ఇంటి గోడలోని నల్లతీగ అంటే 120 వోల్టులు మోస్తున్న ప్రాణాంతకమైన తీగ, తెల్లది న్యూట్రల్. మనం పెరిగిన ఇళ్లలో ఎర్రతీగ ఫేజు, నల్లది న్యూట్రల్, పచ్చది ఎర్తు. ఇక ట్రెయిలరు సంగతి. చక్రాలున్నాయి కనుక అది కారు జాతి అనుకుంటాము, కాని దాని తీగలు ఇంటి సంప్రదాయాన్ని పట్టుకున్నాయి. అక్కడ 12 వోల్టుల బ్యాటరీ తీగలలో నల్లది ధనం, తెల్లది ఋణం. ఇంతటితోనూ అయిపోలేదు. అదే ట్రెయిలరు గోడలో అడుగు దూరంలో 120 వోల్టులు మోసే ఇంకో నల్లతీగ పోతుంటుంది. ఒకే నలుపుకు ఒక ఇంట్లోనే రెండర్థాలు, పొరపడితే ఒకటి ఫ్యూజును తీసుకుంటుంది, ఇంకొకటి మనిషిని.

శాస్త్రాలు చదువుకున్నవారికి సైంధవం ఉదాహరణ తెలిసినదే. యజమాని సైంధవం తెమ్మంటాడు. ఆ మాటకు ఉప్పూ అర్థమే, గుర్రమూ అర్థమే. భోజనానికి కూర్చుని అన్నాడా, ఉప్పు తేవాలి. ప్రయాణానికి నిలబడి అన్నాడా, గుర్రం తేవాలి. శబ్దంలో అర్థం తేలకపోతే ప్రకరణం చూడమన్నారు పెద్దలు. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొచ్చిన సేవకుణ్ణి ఊహించుకొని పిల్లలు పడిపడి నవ్వేవారు. ఆ సేవకుడి వల్ల ఒక మనిషికి అర్ధరాత్రి ఊపిరి ఆగవచ్చునని ఆ రోజుల్లో నాకు తట్టలేదు. ఇక్కడ ప్రకరణమంటే ఏమిటి? రంగును నమ్మకుండా, ఆ తీగ ఎక్కడికి పోతున్నదో చూడటం. చట్రానికి బిగించినది ఋణం. అనుమానముంటే మీటరు పెట్టి చూడటం, అది రంగులు చూడదు.

ఆ సాయంత్రం మనవరాలి నోటుబుక్కులోనే జమాఖర్చు వేశాము. అన్నీ ఆపినా ఆ ట్రెయిలరు 0.2 ఆంపియరు చప్పుడు లేకుండా తాగుతూ ఉంటుంది. గ్యాసు పెట్టె, రేడియో గడియారం, ఫ్రిజ్ పలక. రోజుకు దాదాపు 5 ఆంపియర్-గంటలు, పది రోజులకు 50. బ్యాటరీలో పట్టేది 80. అంటే బయలుదేరే నాటికి మిగిలినది 30. ట్రక్కుకూ ట్రెయిలరుకూ కలిపే ఏడు ముళ్ల ప్లగ్గులో చార్జింగు తీగ కూడా ఒకటుంటుంది. అయితే ఆ తీగ సన్నం, దూరం ఎక్కువ. నాలుగు గంటల దారిలో మహా అయితే 20 జమ అయి ఉంటుంది. సూచికలో నాలుగు దీపాలు వెలగడానికి కారణం అదే. అప్పుడే చార్జింగు నుండి దిగిన బ్యాటరీ కాసేపు పైపై పొంగుతో లేని నిండుదనం చూపిస్తుంది, పాలపొంగు చూసి గిన్నె నిండిందనుకున్నట్లు. ఇక ఖర్చు. ఫర్నేసు ఫ్యాను తిరిగినంతసేపూ గంటకు 7 ఆంపియర్లు. అర్ధరాత్రి దాటేదాకా ఆగి ఆగి తిరిగినా ఐదు గంటలకు 35. సీప్యాప్‌కు 10. దీపాలూ నీళ్ల మోటారూ కలిసి 5. జమ 50, ఖర్చు 50. రెండున్నరకు చీకటి పడటంలో ఆశ్చర్యమేమున్నది? ఇంటి దగ్గర గోడకు తగిలించి ఉన్న పది రోజులూ కన్వర్టరు కరెంటు చేరి ఉంటే, మొదటి పద్దు కింద 30 బదులు 80 ఉండేది.

ఇంత లోతుగా దిగిన బ్యాటరీని అట్లాగే వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి మళ్లీ కరగనని మొండికేస్తుంది. అందుకని ట్రెయిలర్ విలేజ్‌లోనే ఇంకొక పూర్తిరోజు ఉండి నిండుగా చార్జింగు ఎక్కించాము. కేన్యన్‌ను ఎప్పుడు చూశారని అడుగుతారేమో. ఆ రోజే చూశాము, మధ్యాహ్నం నుండి ప్రొద్దుగుంకే దాకా. దానిని గురించి వ్రాయడానికి నా దగ్గర మాటలు లేవు, ఆ పని చేసినవారు చాలామంది ఉన్నారు.

దిగివచ్చే ముందు మా అల్లుడు చేసిన పనొకటి ఇక్కడ చెప్పి తీరాలి. ట్రెయిలరు చక్రాలకు విద్యుత్ బ్రేకులుంటాయి. దారిలో ఖర్మం చాలక కొక్కెం ఊడి ట్రెయిలరు విడిపోతే, ట్రక్కుకు కట్టిన సన్నని ఇనుపతాడు ఒక చీలను లాగేస్తుంది. చీల ఊడగానే ట్రెయిలరు తన సొంత బ్యాటరీతో తన బ్రేకులు తానే వేసుకుంటుంది. బ్యాటరీ చచ్చి ఉంటే ఆ రక్షణ లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర ఏడువేల అడుగుల ఎత్తు, ఫీనిక్స్ వెయ్యిపైచిలుకు. ఆ దిగుడంతా వందల కార్ల నడుమ, వెనుక ఒక ఇంటిని కట్టుకొని దిగాలి. అతను ఏడు ముళ్ల ప్లగ్గు తీసి, చీల లాగి, ట్రక్కును అంగుళం అంగుళం ముందుకు నడిపి చూశాడు. ట్రెయిలరు చక్రాలు బిగుసుకొని కదలమన్నాయి. వెంటనే చీలను మళ్లీ పెట్టేశాడు. ఆ చీలను ఎక్కువసేపు ఊడదీసి ఉంచితే బ్రేకు అయస్కాంతాలు వేడెక్కుతాయట, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

ఇంటికి వచ్చాక రెండు పనులు జరిగాయి. ట్రెయిలరు నిలిపి ఉంచినప్పుడు ఆ 0.2 ఆంపియరు కూడా కారిపోకుండా బ్యాటరీకి విడదీసే మీటను ఒకదాన్ని బిగించారు. ప్రయాణంలో మాత్రం దానిని కలిపే ఉంచాలి, చీల సంగతి చెప్పాను కదా. రెండోది మనవరాలు చేసింది. తెల్లని టేపు ముక్కలు రెండు తీసుకొని, నల్లతీగకు ధనం అని, తెల్లతీగకు ఋణం అని, మార్కరుతో తెలుగులో వ్రాసి చుట్టింది. ఋ గుడి, కొమ్ము ఏమీ తప్పకుండా చక్కగా వ్రాసింది. మావారు అది చదివి, ఈ దేశంలో ఇల్లు కొన్నవాళ్లందరికీ ఆ రెండో తీగే ఉంటుంది కదమ్మా అన్నారు. అల్లుడు నవ్వి, ధనం పక్కన కూడికగుర్తు, ఋణం పక్కన తీసివేతగుర్తు తన చేత్తో వేశాడు. దుకాణపు కుర్రవాళ్లకు తెలుగు రాదు కదా.